పై బరువు విభాగానికి వెళ్లే చాంపియన్‌కు అసలు ప్రమాదం ఎక్కడుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఒక బాక్సింగ్ చాంపియన్ తన బరువు విభాగంలో ఓడించడానికి ఎవరినీ మిగల్చలేదు. ఇప్పుడు ఒకేసారి రెండు విభాగాలు దాటి, అక్కడి చాంపియన్‌తో తలపడతానంటున్నాడు. తేడా ఆరేడు కిలోలే కదా, ప్రతిభ ఉన్నవాడికి అదేమంత అడ్డంకి, బరువైన దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలదా అని అడిగారు.

బాక్సర్లకు శిక్షణ ఇస్తూ, పోటీల్లో వాళ్ల కార్నర్‌లో నిలబడుతూ చాలా ఏళ్లుగా ఉన్నవాడిని. దెబ్బ తప్పించుకోవడం ఒక్కటే సమస్య అయితే ఇంతమంది కలవరపడాల్సిన పని లేదు. చాంపియన్ దాకా వచ్చినవాడికి తప్పించుకోవడం వచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. పైకి వెళ్లగానే అతని దెబ్బకు విలువ పడిపోతుంది. ఎదుటివాడు దాన్ని లెక్కచేయడం మానేస్తాడు. మిగతా ప్రమాదాలు చాలావరకు అక్కడి నుంచే పుడతాయి.

ముందు ఆ ‘ఆరేడు కిలోల’ సంగతి చూద్దాం. వెల్టర్‌వెయిట్ పరిమితి 147 పౌండ్లు, అంటే 66.7 కిలోలు. మిడిల్‌వెయిట్ పరిమితి 160 పౌండ్లు, 72.6 కిలోలు. మధ్యలో 154 పౌండ్ల సూపర్ వెల్టర్ ఉంది. 147 నుంచి 160కి వెళ్లడమంటే తన శరీర బరువులో దాదాపు తొమ్మిది శాతం అదనంగా ఉన్నవాడితో తలపడటం. అదే బాంటమ్‌వెయిట్ నుంచి సూపర్ బాంటమ్‌కు, 118 నుంచి 122కి వెళితే తేడా మూడు శాతం పైచిలుకు మాత్రమే. రెండింటినీ ‘పై విభాగానికి వెళ్లడం’ అనే అంటాం గానీ రెండూ ఒకటి కావు. కిలోలను కాకుండా శాతాన్ని చూడండి. ఎన్ని మెట్లు దాటుతున్నాడన్నది కూడా చూడండి.

అయితే కాగితం మీది ఈ అంకెలు కూడా పూర్తి నిజం చెప్పవు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో బరువు తూచేది పోటీకి ముందు రోజు. 160 విభాగంలో పాతుకుపోయినవాడి మామూలు బరువు 160 కాదు, అంతకంటే చాలా ఎక్కువ. శరీరంలోని నీటిని ఎండగట్టుకుని తూకం మీదికి ఎక్కుతాడు, దిగిన క్షణం నుంచి నీళ్లు, తిండి తీసుకుంటూ మర్నాటికి మళ్లీ బరువు పెరుగుతాడు. కింది విభాగం నుంచి వచ్చినవాడికి ఎండగట్టుకోవడానికి ఏమీ ఉండదు. కడుపునిండా తిని తూకానికి వస్తాడు, మర్నాడు కూడా దాదాపు అంతే బరువుతో రింగ్‌లోకి దిగుతాడు. తూకం దగ్గర పక్కపక్కన నిలబడ్డప్పుడు కనిపించే తేడా ఒకటి, గంట మోగేసరికి ఉండే తేడా మరొకటి. 2010 నవంబరులో మానీ పకియావ్, ఆంటోనియో మార్గరీటోతో తలపడినప్పుడు తూకంలో పకియావ్ 144.6 పౌండ్లు, మార్గరీటో 150. రింగ్‌లోకి వచ్చేసరికి పకియావ్ 148 దగ్గర ఉంటే మార్గరీటో 165కు చేరాడు. అయిదున్నర పౌండ్ల తేడా ఒక్క రోజులో పదిహేడు పౌండ్లయింది. ఆ పోటీ పకియావ్ గెలిచాడు. ఎందుకు గెలవగలిగాడో తరవాత చెబుతాను. కొన్ని ఒప్పందాల్లో మర్నాడు మళ్లీ తూచాలని, ఇన్ని పౌండ్లకు మించి పెరగకూడదని షరతు పెట్టేది ఇందుకే.

ఇప్పుడు దెబ్బ విలువ గురించి. చాంపియన్ రక్షణ అంటే చాలామంది తల వంచడం, పక్కకు జరగడం, చేతులు అడ్డుపెట్టడం అనుకుంటారు. అవన్నీ నిజమే. కానీ వాటికంటే ముందు పనిచేసే రక్షణ ఎదుటివాడి భయం. గట్టి దెబ్బ ఒకటి తిన్నాక ప్రత్యర్థి ముందుకు రావడానికి తటపటాయిస్తాడు. ఆ తటపటాయింపులోనే చాంపియన్‌కు ఊపిరి పీల్చుకునే వ్యవధి, కోణం మార్చుకునే వ్యవధి, తనకు నచ్చిన దూరం దొరుకుతాయి. పై విభాగంలో అదే దెబ్బ తగిలినప్పుడు ఎదుటివాడు తల ఊపి ముందుకే వస్తే, ఇన్నేళ్లు ఆ దెబ్బ చుట్టూ అల్లుకున్న ఆట అంతా కదిలిపోతుంది.

ఇలాంటి పోటీలో మొదటి రెండు రౌండ్లు నేను చూసేది ముఖాలను కాదు. ఎదుటివాడి వెనక కాలిని చూస్తాను. మనవాడి జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా కొట్టే దెబ్బ, శుభ్రంగా తగిలినప్పుడు అవతలివాడి బరువు వెనక కాలి మీదికి వెళ్లాలి, మడమ నేలకు ఆనాలి, ఒక్క క్షణమైనా ఆగాలి. అలా జరిగితే దెబ్బ పనిచేస్తున్నట్టు. జాబ్ తగిలినా ఆ కాలి మడమ గాలిలోనే ఉండి, అతను ముందు కాలితో ఇంకో అంగుళం చొచ్చుకొస్తే, మూడో రౌండ్ నుంచి మనవాడికి కష్టకాలం మొదలైనట్టే. స్కోరు అప్పటికి మనవైపే ఉండవచ్చు. హాలంతా చప్పట్లు కొడుతూ ఉండవచ్చు. కాలు మాత్రం అబద్ధం చెప్పదు.

మికీ గార్సియా సంగతి చూడండి. నాలుగు విభాగాల్లో చాంపియన్, ఓటమి ఎరగనివాడు, పద్ధతిగా ఆడటంలో అతనికి వంక పెట్టలేం. 2019 మార్చిలో లైట్‌వెయిట్ (135 పౌండ్లు) చాంపియన్‌గా ఉంటూ వెల్టర్‌వెయిట్‌కు వెళ్లి ఎరల్ స్పెన్స్‌తో తలపడ్డాడు. పన్నెండు రౌండ్లూ ఓడాడు. ఒక జడ్జి 120-107, ఇద్దరు 120-108 ఇచ్చారు (రౌండ్ గెలిచినవాడికి పది, ఓడినవాడికి సాధారణంగా తొమ్మిది పాయింట్లు). అతను కింద పడలేదు, నాకౌట్ కాలేదు. కానీ స్పెన్స్‌ను ఆపే దెబ్బ ఒక్కటీ అతని దగ్గర లేకపోయింది. స్పెన్స్ పొడవాటి చేతులతో దూరాన్ని తన అదుపులో పెట్టుకున్నాడు, దగ్గరికొచ్చినప్పుడు కూడా బలంతో నెగ్గాడు. ‘దెబ్బలు తప్పించుకుంటే చాలు కదా’ అన్న మీ మాటకు నా జవాబు ఈ పోటీయే. తప్పించుకోవడం మీద పెట్టిన ధ్యాస అంతా దాడి నుంచి తీసిందే.

కానెలో అల్వారెజ్ లాంటి గట్టి దెబ్బ ఉన్నవాడికీ ఇదే జరిగింది. 2022 మేలో 168 నుంచి 175 పౌండ్లకు వెళ్లి దిమిత్రి బివోల్ చేతిలో ఓడాడు. ముగ్గురు జడ్జీలూ 115-113 ఇచ్చారు. కానెలో బలమైన దెబ్బలు చాలావరకు బివోల్ చేతుల మీదే పడ్డాయి. పోటీ సాగుతున్నకొద్దీ బివోల్ జబ్బ ఎర్రగా కమిలిపోవడం తెర మీద కూడా కనిపించింది. కింది విభాగంలోనైతే చేతుల మీద అన్ని దెబ్బలు తిన్నవాడి గార్డు, అంటే ముఖం ముందు పెట్టుకున్న చేతుల అడ్డు, కిందికి జారేది. బివోల్ గార్డు జారలేదు. వరసగా నాలుగైదు పంచ్‌లు కలిపి కొడుతూనే ఉన్నాడు, కానెలో అలసిపోయాడు. దీనికి రెండున్నరేళ్ల ముందు అదే 175 విభాగంలో సెర్గీ కొవలెవ్‌ను కానెలో పదకొండో రౌండ్‌లో నాకౌట్ చేసిన మాట నిజమే. పై విభాగంలో ఒకణ్ని ఓడించినంత మాత్రాన ఆ విభాగం చేతికి చిక్కినట్టు కాదు. ఎవరిని ఎంచుకున్నాడన్నది చాలా తేడా చేస్తుంది.

దెబ్బ తినడం గురించి ఇప్పుడు మాట్లాడుకుందాం. బరువు పెంచుకుంటే కండ పెరుగుతుంది, మెడ కొంత బలపడుతుంది. పుర్రె పెరగదు, దవడ పెరగదు, కంటి చుట్టూ ఉండే పలుచని ఎముక మందం కాదు. పెద్దవాడి దెబ్బ వెనక ఎక్కువ బరువు కదులుతుంది. అది తల పక్కన తగిలితే తల గిర్రున తిరిగే వేగం పెరుగుతుంది, మెదడు పుర్రెలో కుదుపుకు లోనవుతుంది. అమీర్ ఖాన్ 2016 మేలో వెల్టర్‌వెయిట్ నుంచి వచ్చి, 155 పౌండ్ల ఒప్పంద బరువు వద్ద మిడిల్‌వెయిట్ టైటిల్ కోసం కానెలోను ఎదుర్కొన్నాడు. మొదటి కొన్ని రౌండ్లలో ఖాన్ చేతి వేగానికి కానెలో ఇబ్బంది పడ్డాడు. ఆరో రౌండ్‌లో ఒకే ఒక్క కుడిచేతి దెబ్బ. ఖాన్ పడిన తీరు చూసి, గెలిచిన కానెలోయే అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. ఖాన్ దవడ తన సొంత విభాగంలోనే అంత గట్టిది కాదని అందరికీ తెలుసు. అలాంటివాణ్ని అంత పైకి తీసుకువెళ్లడం ఆ రోజూ తప్పే అనుకున్నాను, ఈ రోజూ అదే అనుకుంటున్నాను.

దవడ గట్టివాడు కూడా పైకి వెళ్లేకొద్దీ కొత్త సంగతులు తెలుసుకుంటాడు. నవోయా ఇనోయే 108 పౌండ్ల దగ్గర మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకి వచ్చాడు. వృత్తి జీవితంలో అతను తొలిసారి కింద పడింది 122 పౌండ్ల విభాగంలోనే, 2024 మేలో టోక్యో డోమ్‌లో లూయిస్ నెరీ కొట్టిన దెబ్బకు. ఏడాది తిరిగేసరికి లాస్ వేగస్‌లో రామోన్ కార్డెనాస్ మళ్లీ పడగొట్టాడు. రెండుసార్లూ లేచి గెలిచాడు, అది అతని గొప్పతనం. కానీ 115లో, 118లో అతన్ని ఎవరూ పడగొట్టలేదు. వాసిల్ లోమచెంకో కూడా అంతే. 2018 మేలో లైట్‌వెయిట్‌లో ఆడిన మొదటి పోటీలోనే హోర్హె లినారెస్ చేతిలో తొలిసారి కింద పడ్డాడు. గెలిచాడు గానీ అదే పోటీలో అతని కుడి భుజం దెబ్బతింది, శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది.

భుజం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. కొట్టేవాడికి కూడా ప్రమాదమే. కండ పెరిగితే దెబ్బ బలం కొంత పెరుగుతుంది. ఆ బలం ప్రయాణించేది పాత వేళ్ల ఎముకలు, పాత మణికట్టు, పాత భుజం కీలు గుండానే. ఎదురుగా ఉన్న తల, మోచేతులు మాత్రం ముందుకంటే పెద్దవి. పైకి వెళ్లిన బాక్సర్లకు చేతి ఎముకలు విరగడం, మణికట్టు పట్టేయడం శిక్షణ శిబిరంలోనే మొదలవుతుంది. ఇంకో చిన్న విషయం, బయటివాళ్లు పట్టించుకోనిది: ప్రొఫెషనల్ పోటీల్లో సాధారణంగా 147 పౌండ్ల వరకు ఎనిమిది ఔన్సుల గ్లవ్స్, ఆపైన పది ఔన్సులవి. అంటే వెల్టర్‌వెయిట్ నుంచి పైకి వెళ్లేవాడు తన పంచ్ పదును కొంత గ్లవ్స్‌కే వదులుకుంటాడు. చేతికి పెరిగేది యాభై ఆరు, యాభై ఏడు గ్రాములే. పన్నెండు రౌండ్లు ముఖం ముందు పట్టుకుని నిలబడేవాణ్ని అడగండి ఆ గ్రాముల సంగతి.

అలసట గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చూసేవాళ్లకు తక్కువ కనిపించేది అదే. పెరిగిన ప్రతి కిలో కండకూ రక్తం కావాలి, ఆక్సిజన్ కావాలి. పన్నెండు రౌండ్లంటే ముప్ఫై ఆరు నిమిషాలు ఆ బరువును మోస్తూ ఆడాలి. దానికి తోడు క్లించ్ ఉంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నప్పుడు ప్రేక్షకులు విశ్రాంతి అనుకుంటారు. కానే కాదు. పెద్దవాడు తన ముంజేతిని చిన్నవాడి మెడ వెనక వేసి, గడ్డాన్ని అతని భుజానికి ఆనించి, కాళ్లు సడలించి తన బరువంతా వేలాడదీస్తాడు. చిన్నవాడు ఆ బరువును నడుముతోను, తొడలతోను మోయాలి. రిఫరీ విడదీసేలోపు అయిదారు సెకన్లు. రౌండ్‌కు ఇలా నాలుగైదుసార్లు జరిగితే, ఏడో రౌండ్ నాటికి కాళ్లు నిండు బస్తా ఎత్తుకుని మెట్లెక్కినవాడి కాళ్లలా అయిపోతాయి. స్టూల్ మీద కూర్చున్నప్పుడు తొడ మీద చెయ్యి వేస్తే కండరం సన్నగా అదురుతూ తెలుస్తుంది. అక్కడి నుంచి ఫుట్‌వర్క్ మందగిస్తుంది. ఫుట్‌వర్క్ పోయాక వేగం ఏ పనికీ రాదు.

షుగర్ రే రాబిన్సన్ అంతటివాడికి జరిగింది ఇదే. 1952 జూన్ 25న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో, మిడిల్‌వెయిట్ చాంపియన్‌గా ఉంటూ లైట్ హెవీవెయిట్ చాంపియన్ జోయీ మాక్సిమ్‌తో తలపడ్డాడు. మాక్సిమ్ ఏడు కిలోలు ఎక్కువ. రింగ్ దగ్గర వేడి నలభై డిగ్రీలు. వేడికి తట్టుకోలేక పదో రౌండ్ తరవాత రిఫరీనే మార్చాల్సి వచ్చింది. పదమూడు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురి లెక్కల్లోనూ రాబిన్సన్‌దే ఆధిక్యం. పద్నాలుగో రౌండ్‌కు స్టూల్ మీద నుంచి లేవలేకపోయాడు. అందరూ వేడి ఓడించిందంటారు. వేడి ఇద్దరికీ ఒకటే. పెద్దవాణ్ని కదిలిస్తూ, అతని బరువు మోస్తూ, అతనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పని చేసినవాణ్ని వేడి ముందుగా పడేసింది.

కాబట్టి బరువు పెంచుకోవడం ఎలాగన్నదే కీలకం. తొందరపడి ఎనిమిది పది వారాల్లో కండ పెంచుకున్నవాడు తూకం దగ్గర చూడముచ్చటగా ఉంటాడు, ఆరో రౌండ్‌లో నోరు తెరుచుకుంటాడు. నిదానంగా పెరిగినవాళ్లదే పైచేయి. ఒలెక్సాండర్ ఉసిక్ 2018లో హెవీవెయిట్‌కు కిందిదైన క్రూజర్‌వెయిట్ బెల్టులన్నీ గెలిచాక ఎకాఎకిన హెవీవెయిట్ టైటిల్ పోటీకి దూకలేదు. 2019లో ఒకరితో ఆడాడు, 2020లో తనకంటే చాలా బరువైన డెరెక్ చిసోరాతో ఆడాడు. ఆ పోటీ అతనికి సులభంగా గడవలేదు, పెద్దవాడి ఒత్తిడి ఎలా ఉంటుందో ఒంటికి తెలిసింది. 2021 సెప్టెంబరులో ఆంథనీ జోషువాను ఓడించినప్పుడు ఉసిక్ 221 పౌండ్లు, జోషువా 240. పంతొమ్మిది పౌండ్లు తక్కువ ఉన్నా చివరి రౌండ్‌లో ఎక్కువ సత్తువ మిగిలింది ఉసిక్‌కే.

మీరు అడగలేదు గానీ నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది మరొకటి ఉంది: తిరిగి కిందికి రావడం. పైకి వెళ్లి ఓడితే ఓడాడు, మళ్లీ పాత విభాగానికి వచ్చేస్తాడులే అని మేనేజర్లు చాలా తేలిగ్గా అనేస్తారు. రాయ్ జోన్స్ జూనియర్ 2003 మార్చి 1న జాన్ రూయిజ్‌ను ఓడించి హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. మిడిల్‌వెయిట్ చాంపియన్‌గా మొదలైనవాడు హెవీవెయిట్ టైటిల్ గెలవడం నూటికి పైగా ఏళ్లలో అదే మొదలు. ఆ రాత్రి అతని బరువు 193 పౌండ్లు. ఎనిమిది నెలలకు 175కు దిగి ఆంటోనియో టార్వర్‌తో ఆడాడు. తగ్గించింది కొవ్వు కాదు, కష్టపడి పెంచుకున్న కండ. గెలిచాడు గానీ ఆ మనిషి వేరే మనిషిలా కనిపించాడు. 2004 మేలో అదే టార్వర్ రెండో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. సెప్టెంబరులో గ్లెన్ జాన్సన్ తొమ్మిదో రౌండ్‌లో పడగొట్టాడు. అప్పటికి అతనికి ముప్ఫై అయిదేళ్లు, వయసు ప్రభావం కూడా ఉంది, కాదనను. కానీ బరువు తగ్గించిన తీరు ఆ వయసును ఒక్కసారిగా మీద పడేసింది. హెవీవెయిట్‌లో అతను తిన్న దెబ్బలు తక్కువే. చెడగొట్టింది తిరుగు ప్రయాణం.

కెల్ బ్రూక్‌కు రెండు వైపులా దెబ్బ తగిలింది. 2016 సెప్టెంబరులో వెల్టర్‌వెయిట్ చాంపియన్‌గా, ఓటమి లేని రికార్డుతో, లండన్‌లో మిడిల్‌వెయిట్ చాంపియన్ గెన్నడీ గొలోవ్‌కిన్‌ను ఎదుర్కొన్నాడు. రెండో రౌండ్‌లో మంచి అప్పర్‌కట్ (కింది నుంచి పైకి కొట్టే దెబ్బ) కూడా కొట్టాడు. గొలోవ్‌కిన్ వెనక్కి తగ్గలేదు. బ్రూక్ కుడి కంటి గూడు ఎముక విరిగింది, చూపు చెదిరింది. అయిదో రౌండ్‌లో అతని కోచ్ తువ్వాలు విసిరి పోటీ ఆపించాడు. హాల్లో చాలామంది అరిచారు, బ్రూక్ కూడా ఒప్పుకోలేదు. ఆ కోచ్ చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఆ తరవాత బ్రూక్ మళ్లీ 147కు దిగి, 2017 మేలో షెఫీల్డ్‌లో స్పెన్స్‌తో ఆడాడు. ఈసారి ఎడమ కంటి గూడు విరిగింది. పదకొండో రౌండ్‌లో మోకాలి మీద కూర్చుని లేవలేదు, టైటిల్ పోయింది. తొమ్మిది నెలల వ్యవధిలో రెండు కళ్ల ఎముకలు. ఒక్క పెద్ద పోటీ కోసం పైకి వెళ్లిరావడానికి అతను చెల్లించినది అదీ.

బెల్టుల వ్యవహారం త్వరగా చెప్పేస్తాను. పైకి వెళితే కింద ఉన్న టైటిళ్లు ఊరికే ఉండవు. 2023 సెప్టెంబరులో జెర్మెల్ చార్లో 154లో బెల్టులన్నీ పెట్టుకుని 168లో కానెలోను ఎదుర్కోవడానికి వెళ్లాడు. మొదటి గంట మోగడంతోనే అతని బెల్టుల్లో ఒకటైన డబ్ల్యూబీఓ (ప్రపంచ టైటిళ్లిచ్చే సంస్థల్లో ఒకటి) బెల్టు టిమ్ జూకు వెళ్లిపోయింది. ఏడో రౌండ్‌లో కింద పడి, పన్నెండు రౌండ్ల తరవాత చిత్తుగా ఓడాడు. డబ్బు మాత్రం వచ్చింది. ఆ లెక్క వేసుకునే హక్కు బాక్సర్‌కు ఉంది, బయట కూర్చుని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కాకపోతే ఆ లెక్కలో అతని కళ్లు, మెదడు, తరవాతి మూడు నాలుగేళ్లు కూడా ఉండాలి.

మరి గెలిచినవాళ్లు ఎలా గెలిచారు? పకియావ్ సంగతి చెబుతానన్నాను కదా. 2008లో లైట్‌వెయిట్ నుంచి వెల్టర్‌కు వెళ్లి ఆస్కార్ డి లా హోయా ఆట ఎనిమిది రౌండ్లలో కట్టించాడు. ఆ పోటీలో నీరసించిపోయింది పైకి వచ్చిన పకియావ్ కాదు, ఏళ్ల తరవాత 147కు బరువు తగ్గించుకుని దిగిన డి లా హోయా. పకియావ్ ఒక్క గట్టి దెబ్బ మీద ఆధారపడలేదు. లోపలికి చొచ్చుకెళ్లి నాలుగు కొట్టి, ఎదుటివాడు తిరిగి కొట్టే కోణంలో లేకుండా పక్కకు తప్పుకునేవాడు. అలాంటి ఆట బరువు మీద తక్కువగా ఆధారపడుతుంది. మార్గరీటో పదిహేడు పౌండ్లు ఎక్కువున్నా, పకియావ్ ఎక్కడున్నాడో తెలుసుకునేలోపే అతని కంటి ఎముక విరిగింది.

టెరెన్స్ క్రాఫర్డ్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2014లో 135 పౌండ్లలో చాంపియన్ అయినవాడు 2025 సెప్టెంబరు 13న 168లో కానెలోను ఓడించాడు. పేరుకు 154 నుంచి రెండు విభాగాలు దాటాడు. కానీ అంతకుముందు పోటీ 2024 ఆగస్టులో. ఏడాదికి పైగా సమయం తీసుకుని శరీరాన్ని కట్టుకున్నాడు. చేతులు పొడవు, ఏ వైపు నుంచైనా నిలబడి ఆడగలడు, దూరం చెయ్యి జారనివ్వడు. 116-112, 115-113, 115-113 తేడాతో గెలిచాడు. ఆ అంకెలు చూడండి. అన్నీ సరిగ్గా చేసుకున్న, తన తరంలోనే మేటి బాక్సర్ అనదగినవాడికి కూడా దక్కిన తేడా అంతే. అతన్ని చూసి ‘రెండు విభాగాలు దాటడం సాధ్యమే’ అనుకునేవాళ్లు ఆ పదమూడు నెలలను కూడా చూడాలి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పైకి వెళ్లకపోవడం కూడా ఒక్కోసారి ప్రమాదమే. ఎముకల నిర్మాణం ఎదిగిపోయినా పాత బెల్టు కోసం అదే బరువుకు శరీరాన్ని ఎండగడుతూ పోతే దెబ్బ తట్టుకునే శక్తి తగ్గుతుంది, మూత్రపిండాల మీద భారం పడుతుంది. అలాంటివాడికి ఒక విభాగం పైకి వెళ్లడం ప్రాణం లేచివచ్చినట్టు ఉంటుంది. కొందరికి ఎంచుకునే వీలే ఉండదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళలకు 51, 60, 75 కిలోల విభాగాలే పెట్టారు. 45, 46, 48 కిలోల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచిన మేరీ కోమ్ 51కి వెళ్లక తప్పలేదు. తనకంటే ఎత్తైన నికోలా ఆడమ్స్‌తో సెమీఫైనల్‌లో ఓడి కాంస్యంతో తిరిగి వచ్చింది. ఆ కాంస్యం విలువ, ఆమె ఎంత పైకి వచ్చి ఆడిందో తెలిసినవాళ్లకు తెలుస్తుంది. లవ్లీనా బోర్గోహైన్‌ది మరో దారి. టోక్యోలో 69 కిలోల్లో కాంస్యం గెలిచాక పారిస్‌కు ఆ విభాగమే లేకుండా పోయింది. 75కు వెళ్లి, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. పొడగరి కావడం ఆమెకు కలిసొచ్చింది. అమెచ్యూర్ పోటీల్లో తూకం పోటీ రోజు ఉదయమే ఉంటుంది, రౌండ్లు మూడే. అందుకే అక్కడ పైకి వెళ్లడంలో నేను చెప్పిన అలసట, తూకం చిక్కులు చాలావరకు తగ్గుతాయి.

ఇక మీరు చెప్పిన చాంపియన్. అతను నా దగ్గరికి వస్తే ముందు అడిగేది, శిబిరంలో లేనప్పుడు, మామూలుగా తిని తిరిగే రోజుల్లో అతని బరువు ఎంత అని. ఆ అంకె కొత్త విభాగం పరిమితికి పైన ఉంటే మాట్లాడుకోవచ్చు. కింద ఉంటే, ఆ పోటీకి అతని శరీరం ఇంకా సిద్ధంగా లేదు. తరవాత అతని చేతుల పొడవు, ఎత్తు అక్కడివాళ్లతో సరితూగుతాయా అని చూస్తాను. ఇప్పటివరకు గెలిచిన నాకౌట్లు ఒక్క దెబ్బవా, వరస దెబ్బలవా అని వీడియోలు తిరగేస్తాను. ఒక్క దెబ్బతో గెలిచినవాడైతే నాకు అనుమానం ఎక్కువ. మధ్య విభాగంలో కనీసం ఒక పోటీ ఆడించాలి, అదీ తేలికైనవాడితో కాకుండా ముందుకు తోసుకొచ్చే బలశాలితో. శిబిరంలో స్పారింగ్‌కు (సాధన పోటీలకు) పెద్దవాళ్లను పెట్టాలి. అయితే రోజూ కాదు, ఎక్కువ రౌండ్లు కాదు. లేకపోతే పోటీకి ముందే దెబ్బలన్నీ తినేస్తాడు. తూకం మర్నాడు ఎంత పెరగవచ్చో ఒప్పందంలో రాయించాలి.

ఇంకొకటి, సంతకానికి ముందే తేల్చుకోవాల్సింది: తువ్వాలు ఎప్పుడు విసరాలన్నది. పోటీ మధ్యలో ఏ చాంపియనూ ‘ఆపండి’ అనడు. ఒక కన్ను మూసుకుపోయినా, వరసగా రెండు రౌండ్లు తిరిగి కొట్టకపోయినా, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పకపోయినా ఆపేస్తానని ముందే అతనికీ, ఇంట్లోవాళ్లకూ చెబుతాను. దానికి ఒప్పుకోనివాణ్ని ఒక విభాగం కాదు కదా, ఒక్క పౌండు కూడా పైకి తీసుకువెళ్లను.